విద్యార్థుల విహారయాత్రలు: చేరువలోనివి మొదట

విహారయాత్ర విద్యలో ఒక భాగమని యిప్పుడు కాదనువారు లేరు. నాలుగు గోడల నడుమ వినిన పాఠము కంటితో చూచినపుడు మనసున నిలుచునని ఉపాధ్యాయులు చెప్పుదురు. నాలుగు చోట్లు తిరిగి నలుగురిని చూచినగాని పిల్లలకు లోకజ్ఞానము రాదని తలిదండ్రులును ఒప్పుకొందురు. అభిప్రాయభేదములు వచ్చునది మూడు ప్రశ్నలయొద్ద మాత్రమే. ఎచ్చటికి పోవలెను? ఎట్లు పోవలెను? ఎవరెవరు పోవలెను? సాధారణముగా మనము మొదటి రెండు ప్రశ్నలను తీరికగా కూర్చుండి చర్చించి, మూడవదానిని రుసుము వసూలు చేయు పుస్తకమునకు విడిచిపెట్టుచున్నాము. నా అభిప్రాయమున మూడవదియే మొదట తీర్మానింపదగినది. తరగతిలోని పిల్లలందఱును పోగలిగినదే బడి యాత్ర. కొందఱు పోయి కొందఱు మిగిలిపోయినచో అది ఆ కొందఱి యాత్ర యగును. ఈ నియమమును ఒప్పుకొన్నచో తక్కిన రెండు ప్రశ్నలకును సమాధానము తనంతట వచ్చును: యాత్ర చేరువకు సాగవలెను, కాలినడకనో సైకిలుమీదనో సాగవలెను.

ఇప్పుడు మన ప్రాంతపు బడులలో నడచుచున్న పద్ధతిని చూతము. సంక్రాంతి సెలవులకు ముందో వెనుకనో గోడపై ఒక ప్రకటన వెలయును. విశాఖపట్టణమో, హైదరాబాదో, మఱియొక పెద్ద నగరమో పేర్కొనబడును. బస్సు, బస, భోజనము కలిపి తలకింత యని వ్రాయబడును. అది చదివిన దినముననే తరగతి రెండుగా చీలును. బండారులంక చేనేతకు పేరుపడిన ఊరు. నేతవాని యింట మగ్గముమీది బట్ట పూర్తియై అప్పగించిననాటికిగాని కూలి చేతికి రాదు. ఇంటిల్లిపాదియు పని చేసినగాని ఆ బట్ట పూర్తి కాదు. బడినుండి వచ్చిన పిల్లలు కండెలు చుట్టుదురు. కొబ్బరితోటలలో దింపునకు, ఒలుపునకు పోవువారి యిండ్లలోను, వరిచేలలో కూలికి పోవువారి యిండ్లలోను పరిస్థితి యింతకంటె మెఱుగు గాదు. అట్టి యింటి పిల్లవాడు ఆ ప్రకటనను ఇంట చూపడు. "నాకు బస్సు పడదండి, మాస్టారూ" అని ఉపాధ్యాయునితో చెప్పును. బస్సు పడని పిల్లలందఱును బీదవారి పిల్లలే యగుట ఇన్ని సంవత్సరములుగా చూచుచున్నాను.

యాత్ర సాగిన మూడు దినములును మిగిలిన పిల్లలు రెండు మూడు తరగతులవారు కలిసి ఒక గదిలో కూర్చుందురు. పాఠము జరుగదు, జరిపినచో పోయినవారికి నష్టమట. తరువాతి వారమున తెలుగు ఉపాధ్యాయుడు "నా విహారయాత్ర" యని వ్యాసము వ్రాయుమనును. పోని పిల్లవాడు ప్రక్కవాని నడిగి, చూడని సముద్రమును చూచినట్లు వ్రాయును. వానికి మార్కులును వచ్చును. కాని ఆ వ్యాసము వాని కేమి నేర్పినది? తన బీదతనమును దాచుకొనుట నేర్పినది. బడి నేర్పదగిన విద్య యిదియేనా యని మనమందఱమును ఆలోచింపవలెను.

"ఐనచో ఇచ్చట చూడదగిన దేమున్నది? కాలువ, కొబ్బరిచెట్టు, వరిచేను, ఇవి పిల్లలు దినమును చూచుచున్నవే గదా" యని కొందఱు తలిదండ్రులు నన్నడిగిరి. ఎదుట నుండుట వేఱు, చూచుట వేఱు. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో, మన కాలువలోని నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదని యడిగితిని. ఒకడు అమలాపురమునుండి యనెను. ఒకడు లాకులనుండి యనెను. ఒక బాలిక, వేసవిలో నీరు రాదు గనుక వానలవలననే వచ్చుచుండవలెనని చెప్పెను. ఆమె కొంత యోచించి చెప్పినందుకు సంతసించితిని. నైలునది డెల్టాను పటముమీద చూపుడనగా తరగతి యంతయు లేచినది. తాము పుట్టి పెరిగినది డెల్టా యని మాత్రము ఎవరికిని తోచలేదు.

ఈ కొఱతను తీర్చుటకు వందల మైళ్ళు పోవలసిన పని లేదు. ధవళేశ్వరముయొద్ద గోదావరి గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండు పెద్ద పాయలుగా చీలుచున్నది. గౌతమి తూర్పుగా, వసిష్ఠ పడమరగా సముద్రమునకు పోవుచుండగా నడుమ నున్న ముక్కోణపు నేలయే కోనసీమ. వసిష్ఠనుండి చీలిన వైనతేయ ఈ నేలను మరల రెండుగా కోసి ఓడలరేవుయొద్ద సముద్రమున కలియుచున్నది. చుట్టును నీరుండియు ఒకప్పుడు ఈ మండలము కఱవులకు లోనైనది. 1833లో వచ్చిన మహా క్షామమును, 1839లో తీరమును ముంచిన తుపాను ఉప్పెనయు ఈ ప్రాంతమును పాడుచేసెను. తరువాత ఆర్థరు కాటను దొర ప్రణాళికపై 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలై 1852 నాటికి ముగిసెను. ఆ పాత ఆనకట్ట స్థానమున కట్టిన క్రొత్త బ్యారేజి 1982లో పూర్తియై కాటను పేరనే నిలిచినది. మధ్య డెల్టా కాలువకు తల బొబ్బర్లంకయొద్ద నున్నది. మన యింటి ముంగిటి కాలువ ఆ కాలువకు బిడ్డయో మనుమరాలో యగును. ఈ కథను పుస్తకమునుండి చెప్పుటకు ఒక గంట చాలును. పిల్లలు దానిని నమ్ముటకు గట్టు వెంబడి నడువవలెను.

నేను కోరునది యేమనగా, ఆఱవ తరగతి మొదలు పదవ తరగతివఱకు ఐదు సంవత్సరములకు ఐదు మెట్లుగా చేరువ యాత్రలను ఏర్పఱుపవలెను. ఏటేట దూరము కొంచెము పెరుగవలెను.

మొదటి మెట్టు మన ఊరిలోనే. ఆఱవ తరగతి పిల్లలను బండారులంక మగ్గములయొద్దకు తీసికొనిపోవలెను. పడుగు ఎట్లు పన్నుదురు, పేక ఎట్లు సాగును, గుంటలో నున్న కాలు ఏమి చేయును, నాడె పరుగిడుచున్నపుడు చేయి ఎచ్చట నుండును అని చూచి వ్రాయుమనవలెను. ఆ దినమున బస్సు పడని పిల్లవాడే గురువగును. తక్కినవారికి విప్పి చెప్పగలవాడు వాడే. పిమ్మట ఉపాధ్యాయుడు కొంత చరిత్ర చెప్పవలెను. ఈ డెల్టా వస్త్రముల కొఱకే ఐరోపా వర్తకులు సముద్రములు దాటి వచ్చిరి. వైనతేయ ముఖముయొద్ద నున్న బెండమూర్లంకలో ఆంగ్లేయుల కొఠీ యుండెను. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకొనెను. నరసాపురముయొద్ద నున్న మాధవాయిపాలెము పేరు విదేశీయుల నోట మడపొల్లమై, అచ్చటి బట్టకు పేరై, ఇంగ్లీషు నిఘంటువులలో నేటికిని నిలిచియున్నది. తన తండ్రి చేయు పని ఒకప్పుడు రెండు రాజ్యముల సేనలను ఈ తీరమునకు రప్పించినదని తెలిసికొన్న బాలుడు మఱునాడు తరగతిలో తల యెత్తుకొని కూర్చుండును.

రెండవ మెట్టు అంబాజీపేట. అచ్చటి కొబ్బరి వర్తకము ప్రసిద్ధమైనది. కాయ దింపుట మొదలు ఒలుచుట, రాశి పోయుట, కురిడీ కట్టుట, పీచు తీసి త్రాడు పేనుట వఱకు ఒక్క చెట్టుమీద ఎన్ని చేతులు బ్రతుకుచున్నవో పిల్లలు లెక్క వేయవచ్చును. గణితోపాధ్యాయుడు వెంట నుండినచో ఒక కాయ ధర తోటనుండి అంగడివఱకు ఎట్లు మాఱునో అచ్చటనే పాఠము చెప్పవచ్చును. ఆ మండలముననే మొసలపల్లి గ్రామమునందలి జగ్గన్నతోట యున్నది. కనుమనాడు చుట్టుపట్ల పదునొకండు గ్రామములవారు తమ ప్రభలను భుజములపై మోసికొని అచ్చట చేరుదురు; కొన్ని ప్రభలు వరిచేల నడుమనుండియు కౌశిక నీటిలోనుండియు రావలసియుండును. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ కర్తవ్యపథమున మన రాష్ట్రపు శకటముపై చూపబడినది ఈ ప్రభల తీర్థమే. మన విశ్వాసము ఏదైనను, పొరుగువారి పండుగ ఏమియో, అంత యెత్తు ప్రభను వెదుళ్ళతో త్రాళ్ళతో ఎట్లు నిలుపుదురో తెలిసికొనుట పొరుగువాని ధర్మము.

మూడవ మెట్టు గన్నవరము అక్విడక్టు. సైకిలుపై ఒక పూటలో పోవచ్చును. నదిమీదుగా మనుష్యులు దాటుటకు వంతెన కట్టుదురని పిల్లలెఱుగుదురు. నదిమీదుగా కాలువయే దాటుటకు వంతెన కట్టినారని చెప్పినచో నవ్వుదురు. వైనతేయకు ఆవలనున్న రాజోలు సీమకు నీరందించుటకు ఆనకట్ట కట్టిన దినములలోనే 49 కమానులతో దానిని కట్టిరి. తరువాతి కాలమున ప్రక్కనే క్రొత్తది వెలసినను పాతది యింకను నిలిచియున్నది. పైని కాలువ, క్రింద నది, రెండింటికి నడుమ నూట డెబ్బది సంవత్సరముల వెనుకటి సున్నపు కట్టడము. నీరు పల్లమెఱుగు ననుమాటకు ఇంజనీరు చెప్పిన జవాబు అది. భౌతికశాస్త్రము చెప్పువారికి ఇంతకంటె మంచి ప్రయోగశాల ఈ తాలూకాలలో లేదు.

నాలుగవ మెట్టు ఆదుఱ్ఱు. బోడసకుఱ్ఱు వంతెనమీదుగా వైనతేయను దాటి, పాశర్లపూడి ప్రక్కగా పోవలెను. పాశర్లపూడి పేరు వినినపుడు పిల్లలు ఒక్క నిమిషము ఆగవలెను: 1995 జనవరి 8న అచ్చటి సహజవాయు బావి బ్రద్దలై, ఆ మంట 65 దినములు ఆఱక మండినది. పచ్చని నేలక్రింద ఏమున్నదో ఆ మంట చూపెను. ఇక ఆదుఱ్ఱులో వైనతేయ యొడ్డున ఇటుకలతో కట్టిన బౌద్ధస్తూపపు అవశేషము కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నది. సాంచి, అమరావతి చిత్రములను పుస్తకములో చూచి కంఠస్థము చేయు పిల్లలకు, తమ సైకిలు పోవు దూరముననే ఆ నాటి భిక్షువులు తిరిగిన నేల కలదని తెలియవద్దా?

ఐదవ మెట్టు సముద్రము. ఓడలరేవునకు గాని అంతర్వేదికి గాని పదవ తరగతి పిల్లలు పోవలెను. నదియు సముద్రమును కలియుచోట నీటి రంగు మాఱుట, ఇసుక దిబ్బలు ఏటేట చోటు మాఱుట, ఉప్పునీటిలో మడచెట్లు నిలుచుట చూడవలెను. చలికాలము చివర ఈ తీరమున సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. 1996 నవంబరు 6వ తేదీ తుపానున వెయ్యిమందికి పైగా మరణించిరి. లక్షలకొలది కొబ్బరిచెట్లు కూలెను. తీరపు గ్రామములలో ఆ రాత్రిని చూచిన పెద్దలు ఇంకను నున్నారు. వారి మాటలను పిల్లలు స్వహస్తములతో వ్రాసికొన్నచో అది ఏ చరిత్ర పుస్తకమునందును దొరకని పుట యగును.

ఈ ఐదు మెట్లలో మొదటి నాలుగింటికి అన్నపు పొట్లము, సీసాలో నీరు, ఒక నోటుపుస్తకము తప్ప వేఱు వ్యయము లేదు. సైకిలు లేనివానిని ఉన్నవాడు వెనుక కూర్చుండబెట్టుకొనును. ఐదవదానికి బస్సు ఛార్జీ కావలెను. అది సంవత్సరము పొడవున బడి తోటలోని కొబ్బరికాయలు అమ్మియో, పూర్వవిద్యార్థుల నడిగియో కూర్పవచ్చును. ఎట్లు కూర్చినను తలకింత యని పిల్లల నడుగరాదు.

ఇట్లు చేయుటలో ఉపాధ్యాయులకు క్రొత్తదారి వెదకవలసిన పని లేదు. ఇతర దేశములందు దీనిని చేసి చూపినవారున్నారు. జపాను బడులలో పిల్లలు గుంపుగా నడచిపోవు విహారమునకు ఎన్సోకు అని పేరు. ఆ మాటకు దూరపు నడక యని యర్థము. జర్మనీ దేశమున రిచర్డు షిర్మాన్ అను బడిపంతులు తన విద్యార్థులను కాలినడకన గ్రామములకు తీసికొనిపోవు అలవాటు గలవాడు. 1909లో ఒకనాడు దారిలో ఉఱుములతో వాన ముంచుకొనిరాగా, ఒక పల్లెటూరి బడిలో పిల్లలతో రాత్రి గడిపెను. సెలవులలో బడిగదులన్నియు ఊరక మూయబడియుండగా, నడచివచ్చు పిల్లలకు అవి సత్రములు కారాదా యని ఆ రాత్రి ఆయనకు తోచెను. 1912లో ఆల్టెనా కోటలో ఆయన తెఱచిన వసతిగృహమునుండియే నేడు ప్రపంచమంతట నున్న యువజన వసతిగృహములు వెలసెను. ఒక బడిపంతులు తలపోసినది ఇంతపని చేసినది.

దానినే మనమును చేయవచ్చును. రాజోలు వైపున ఒక బడి, తీరపు గ్రామమున ఒక బడి, ఆత్రేయపురము వైపున ఒక బడి శనివారము రాత్రి ఒక్క గదిని అతిథి విద్యార్థులకు తెఱచినచో చాలును. మన బడియును వారికట్లే తెఱువవలెను. చాపలు పిల్లలే తెచ్చుకొందురు. నేతపని చూచుటకు సముద్రపుటొడ్డు పిల్లలు మన ఊరికి వచ్చుట, వారి వలలు చూచుటకు మన పిల్లలు వారి ఊరికి పోవుట ఎంత శోభాయమానము! మన పిల్లలు ఇతరుల ఊరిని చూచుట ఎంత ముఖ్యమో, ఇతరులు మన ఊరిని చూడవచ్చుట అంత ముఖ్యము. తన ఊరిని చూడ నెవరైన వచ్చినపుడే పిల్లవాడు దానిని శ్రద్ధగా చూచును.

కాలము విషయమున కొంత జాగ్రత్త కావలెను. కార్తీకమునుండి మాఘమువఱకు నడకకు అనుకూలము. వేసవిలో ఎండలో తిప్పరాదు. ఐనను కాలువలు కట్టివేసిన ఆ దినములలో ఉదయముననే దగ్గరి లాకులయొద్దకు పోయినచో, నీటిక్రింద దాగియుండు తలుపులు, మెట్లు, అడుగున చేరిన ఒండ్రు కనబడును. ఆ ఒండ్రుతోపాటు మనము పాఱవేసిన ప్లాస్టిక్కు సంచులును కనబడును. అదియు ఒక పాఠమే. శ్రావణ భాద్రపదములలో వరద వచ్చినపుడు నీరెఱ్ఱబాఱుట, పులస చేప సముద్రమునుండి ఎదురీదుట, లంక గ్రామములవారు సామాను మిద్దెలకెక్కించుట పెద్దలనుండి వినదగినవే గాని, ఆ సమయమున పిల్లలను గట్టుమీదికి తీసికొనిపోరాదు.

ఇక తలిదండ్రుల ముఖ్యమైన భయము నీటినిగూర్చినది. ఆ భయము నిరాధారమని నేననను. 2018 జూలై 14వ తేదీన ఐ. పోలవరము మండలమునందలి పశువుల్లంకయొద్ద, బడినుండి యిండ్లకు మరలుచున్న పిల్లలున్న పడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడెను. పుస్తకముల సంచులతో బయలుదేరిన పిల్లలు కొందఱు ఇల్లు చేరలేదు. మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 15న పాపికొండలకు పోవు విహారనౌక కచ్చులూరుయొద్ద మునిగి అనేక కుటుంబములు దుఃఖమున మునిగెను. ఈ రెండింటిని మఱచి విహారములగూర్చి వ్రాయుట నాకు తగదు.

కాని ఈ దుర్ఘటనలనుండి మనము గ్రహింపవలసిన దేమి? పశువుల్లంక పిల్లలు విహారమునకు పోలేదు. వారు బడికి పోయి ఇంటికి వచ్చుచుండిరి. కోనసీమలో నీరు తప్పించుకొనదగినది గాదు. రేవు, కాలువ, చెఱువు దినదినమును దాటవలసినవే. పిల్లలను విహారమునకు పంపక యింట నుంచినంతమాత్రమున వారు నీటినుండి రక్షింపబడరు. వారికి ఈత నేర్పినపుడే కొంత రక్షణ. మూడు నదుల నడుమ పుట్టిన పిల్లలలో ఈత రానివారు ఎందఱో మన యిండ్లలోనే అడిగి చూడుడు. బాలికలలో వచ్చినవారు మఱియు అరుదు. ఈత రాని పిల్లవాడు గణితమున నూటికి నూఱు తెచ్చుకొన్నను ఈ సీమలో వాని చదువు పూర్తి కాలేదనియే నా దృఢమైన అభిప్రాయము.

మనవంటి డెల్టా దేశమే యైన బంగాళాదేశమున పల్లె చెఱువులలో వెదురుతో వేదికలు కట్టి, లోతు తక్కువచేసి, శిక్షణ పొందినవారిచేత చిన్నపిల్లలకు ఈత నేర్పుచున్నారు. ఖరీదైన కొలనులు కావలెనని వారు కూర్చుండలేదు. నీటమునుగు ప్రమాదములను అరికట్టుటకై ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25వ తేదీని ప్రత్యేక దినముగా నిర్ణయించినది. ఆ దినమున ఉపన్యాసములు చెప్పుకొనుటకంటె, ఒక చెఱువును శుభ్రపఱచి, వెదురు కట్టి, బాలురకు ఉపాధ్యాయులును బాలికలకు ఉపాధ్యాయినులును దగ్గర నుండి ఈత మొదలుపెట్టుట మేలు. ప్రవాహమున్న కాలువలో మాత్రము నేర్పరాదు.

యాత్రలలోను కొన్ని నియమములు తప్పరాదు. ఎక్కిన ప్రతివానికి రక్షణ చొక్కా లేనిదే ఏ పడవయు, ఏ పంటును ఎక్కరాదు. సరంగు నవ్వినను ఎక్కరాదు. నదీముఖములయొద్ద మోకాలి లోతునకును దిగరాదు. ఇసుక అచ్చట నిలుకడగా నుండదు. ఇరువదిమంది పిల్లలకు ఒక పెద్ద తక్కువ కారాదు. బయలుదేరినపుడును మరలినపుడును పేర్లు పిలిచి హాజరు వేయవలెను. ఇవి పాటించినచో చేరువ యాత్ర, అపరిచితమైన నగరములో రాత్రివేళ బస్సు ప్రయాణముకంటె నిరపాయకరము.

మఱియొక ఆక్షేపణ వినుచున్నాను: "మన పిల్లలు కప్పలవలె బావిలోనే యుండవలెనా? నగరములు, ఓడరేవులు, విమానములు చూడవద్దా?" చూడవలెను, తప్పక చూడవలెను. నేను దూరయాత్రలను నిషేధింపుమనుటలేదు. ఏ కుటుంబమైన తన పిల్లలను ఢిల్లీకి తీసికొనిపోయినచో సంతోషమే. బడి యావత్తు పోగల ధనము ఎన్నడైన దొరికినచో మొదట బస్సెక్కువాడను నేనే. నేను చెప్పునది వరుసనుగూర్చి. దగ్గరిది చూచుట నేర్చినవానికే దూరమున నున్నది కనబడును. గన్నవరము కమానుల క్రింద నిలిచి ఆలోచించిన బాలుడు నగరములోని పెద్ద వంతెనను చూచి ప్రశ్నలు వేయును. అట్టి యభ్యాసము లేనివాడు దాని ముందు నిలువబడి ఫోటో తీయించుకొని మరలును.

ఇప్పుడు కోనసీమను చూడ దూరప్రాంతములవారు వచ్చుచున్నారు. దిండిలో కొబ్బరిచెట్ల నీడను ఇంటిపడవలలో విహరించి, ఇది రెండవ కేరళ యని మెచ్చుకొని పోవుచున్నారు. మెచ్చుకోలు మంచిదే. కాని మనకు మన నేల రెండవ కేరళ కానక్కరలేదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేఱు జిల్లా యైనది. జిల్లా పటమును గోడకు తగిలించితిమి. దానిమీది పేర్లలో ఎన్ని చోట్ల మన పిల్లల పాదము మోపబడినది? వచ్చిన అతిథికి ఇది గౌతమి, ఇది వైనతేయ, ఈ స్తూపము ఫలానిది, ఈ చీర ఫలాని విధమున నేయబడునని చెప్పగలవాడు మన బడినుండి రావలెను. లేనిచో మన ఊరినిగూర్చి చెప్పు పనియు, ఆ పనివలన వచ్చు జీవనమును పరులపాలగును.

కావున తలిదండ్రులారా, వచ్చు సంవత్సరము ప్రకటన వెలసినపుడు రుసుము ఎంత యని యడుగుటకు ముందు, తరగతిలో ఎందఱు పోవుచున్నారని యడుగుడు. అందఱును అని జవాబు రానిచో, చెల్లింపగలవారే మొదట కాదనుడు. చెల్లింపలేనివారు కాదన్నచో వినువారుండరు. సహోపాధ్యాయులారా, మిషను పెద్దలారా, ఒక శనివారమును, ఒక గదిని, ఒక చెఱువును ఈ పనికి విడిచి యిండు. విద్యార్థులారా, మీకు ఎవరి యనుమతియు అక్కరలేని పని యొకటి కలదు. ఈ ఆదివారము సాయంకాలము మీ ప్రక్కన కూర్చుండు సహపాఠి ఇంటికి నడచిపోయి, వాని తండ్రి చేయు పనిని చూచి, వాని కాలువ ఏ కాలువనుండి చీలినదో గట్టు వెంబడి కొంతదూరము పోయి కనుగొని రండు. సోమవారమున దానిని వ్యాసముగా వ్రాసి తెండు. ఈసారి ఎవరును చూడనిదానిని చూచినట్లు వ్రాయవలసిన యవసరముండదు.